సైనికుడి జీతం, సైనికుడి బస: యుద్ధకాలంలో ఏ ఏర్పాటు ఎవరికి మేలు?

దండు ఊరి పక్కన దిగిందంటే రెండు ప్రశ్నలు పుడతాయి. వీళ్లకు జీతం ఎవరిస్తారు? రాత్రికి ఎక్కడ పడుకుంటారు? మొదటిది ఖజానా వాళ్ల గొడవ, రెండోది రెవెన్యూ వాళ్ల గొడవ అని విడదీసి చూడటం మనకు అలవాటు. చరిత్రలో చెడిన ఏర్పాట్లను వరుసగా పరిశీలిస్తే మాత్రం ఇవి రెండూ ఒకే లెక్క అని తేలుతుంది. జీతం ఆగిన రోజు నుంచి, బస ఇచ్చిన ఇల్లే ఆ సైనికుడికి ఖజానా అవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ముందు జీతం పద్ధతులను, తర్వాత బస పద్ధతులను పోల్చి, ఎవరికి ఏది నప్పుతుందో చెబుతున్నాం.

ఇది ముఖ్యంగా ముగ్గురి కోసం. ఈ అంశంపై ముసాయిదా బిల్లో, మూట్ కోర్టు (విద్యార్థులు అభ్యాసం కోసం నడిపే కోర్టు) వాదనో తయారు చేసుకుంటున్న లా విద్యార్థులు. చరిత్ర పరీక్షలకు చదువుతూ ఏ పద్ధతి ఎందుకు విఫలమైందో తేల్చుకోలేకపోతున్నవాళ్లు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కల్యాణ మండపం, గోడౌన్, కాలేజీ భవనం లాంటివి ఉండి, అవసరం వస్తే సర్కారుకు ఎలా ఇవ్వాలో తెలుసుకోవాలనుకునేవాళ్లు. మూడో కోవవాళ్లకు తొందరగా ఉంటే నేరుగా బస భాగానికి వెళ్లవచ్చు. కానీ జీతం భాగం చదివితే, ఒప్పందంలో ఏ మాట ఎందుకు పట్టుబట్టి రాయించుకోవాలో తెలుస్తుంది.

ముందు కొలతలు

ఏ ఏర్పాటునైనా ఈ ప్రశ్నలతో కొలవండి.

జీతం ఎవరి చేతి మీదుగా వస్తుంది, ఎన్నాళ్లకు ఒకసారి వస్తుంది? మధ్యలో చేతులు పెరిగినకొద్దీ బకాయిలు పెరుగుతాయి. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే.

ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? కాగితం మీద ఖజానా అని ఉన్నా, నిజంగా మోసేది రైతో, ఇంటివాడో కావచ్చు.

తీసుకున్న ప్రతిదానికీ రసీదు ఉందా? ఆ రసీదు మీద సంతకం చేసినవాడికి ఆ అధికారం ఉందా? రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు.

ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఉంటే వాళ్ల భద్రత సంగతేమిటి? శత్రువు గురి ఆ కప్పు మీద పడే అవకాశం ఎంత?

చివరగా, ఖాళీ చేసే రోజు ఎలా ఉంటుంది? రావడం ఆదేశంతో వస్తారు. పోవడానికి గడువు రాయకపోతే అది ఏళ్లకు సాగుతుంది.

జీతం: ఐదు దారులు

*భూమి అప్పగించి సైన్యాన్ని పోషించుకోమనడం*

విజయనగర కాలపు అమర నాయంకరం, మొగలుల జాగీరు ఈ కోవలోవే. నాయకుడికి కొన్ని సీమల రాబడి వదిలేస్తారు, అతను ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం సిద్ధంగా ఉంచాలి. ఖజానా నుంచి నెలనెలా నగదు కదలదు. దూరపు సీమల్లో నాణెం చెలామణి తక్కువగా ఉన్న రోజుల్లో ఇది తెలివైన ఏర్పాటే.

చెడేది లెక్క దగ్గర. వంద గుర్రాల రాబడి తిని అరవై గుర్రాలు నిలపడం నాయకుడికి లాభం. మొగలులు గుర్రాలకు వాత వేయించి, సైనికుల ఆనవాళ్లు రాయించి తనిఖీ చేసింది ఇందుకే. రెండో లోపం ఇంకా లోతైనది. సైనికుడికి అన్నం పెట్టేది నాయకుడు కాబట్టి, విధేయత కూడా నాయకుడికే ఉంటుంది. కేంద్రం బలహీనపడిన మరుక్షణం ఆ సైన్యం నాయకుడి సొంత సైన్యమే.

*జిల్లాలను వేరొకరి సైన్యం జీతానికి రాసివ్వడం*

మన ప్రాంతానికి ఇది పుస్తకాల్లో సంగతి కాదు, మన నేల మీద జరిగింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కార్లను, అంటే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి కేంద్రంగా ఉన్న ముస్తఫానగర్‌ను, ఫ్రెంచి సేనాని బుస్సీ దొర సైన్యం జీతాల కోసం ఫ్రెంచివారికి ఇచ్చాడు. కారణం సూటిగానే ఉంది. బుస్సీ జబ్బుపడి మచిలీపట్నంలో ఉన్నప్పుడు హైదరాబాదులో అతని సైనికుల జీతాలు బకాయిపడ్డాయి. దివాను ఆ సైన్యాన్ని చిన్న చిన్న ముక్కలుగా చెదరగొట్టాడు. తిరిగి వచ్చిన బుస్సీ ఇక దర్బారు ఇచ్చే నగదు మీద ఆధారపడనని, రాబడి వచ్చే జిల్లాలే కావాలని పట్టుబట్టాడు.

సైనికుడి వైపు నుంచి చూస్తే అది న్యాయమైన కోరికే. ఊరి వైపు నుంచి చూడండి. పన్ను వసూలు చేసేవాడూ, తుపాకీ పట్టుకున్నవాడూ ఒక్కడే అయ్యాడు. జమీందార్ల దగ్గర రాబడి రాబట్టుకోవడానికి బుస్సీ స్వయంగా దండుతో ఉత్తరానికి నడిచాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర యుద్ధం జరిగింది ఆ నడక మధ్యలోనే. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల వైరం అందులో పెద్ద పాత్రే వహించింది. కానీ ఆ వైరం మధ్యలోకి ఫిరంగులను తెచ్చింది జీతాల కోసం రాసిచ్చిన జిల్లాల ఏర్పాటు.

దత్త మండలాలది ఇంకో రకం. 1798లో సైన్య సహకార ఒప్పందం కింద ఈస్టిండియా కంపెనీ పటాలాలు నిజాం ఖర్చుతో హైదరాబాదులో కుదురుకున్నాయి. 1800లో ఆ ఖర్చుకు బదులుగా కడప, బళ్లారి ప్రాంతాలు శాశ్వతంగా కంపెనీ చేతికి వెళ్లిపోయాయి. నెల జీతం కట్టలేక ఆస్తి రాసిచ్చే అప్పులాంటిది ఇది. చరిత్ర విద్యార్థులు పట్టుకోవాల్సిన తేడా ఒకటుంది. 1753లో ఇచ్చింది రాబడి అనుభవం, 1800లో ఇచ్చింది ఏలుబడి. గుంటూరు సర్కారు ఈ రెండిట్లోనూ లేదు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలం అతని జాగీరుగా ఉండి, అతను 1782లో చనిపోయాక, 1788లో కంపెనీ చేతికి వచ్చింది.

*మిత్రుడు నగదు ఇస్తానని మాటివ్వడం*

1758లో ఇంగ్లిష్ కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి వచ్చి విజయనగరం ఆనందరాజుతో కలిసి ఫ్రెంచివారి మీద నడిచాడు. సైన్యం ఖర్చులకు నెలకు 50,000 రూపాయలు ఆనందరాజు ఇవ్వాలన్నది ఒప్పందం. డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచారు. డబ్బు మాత్రం రాలేదు. 1759 మార్చిలో మచిలీపట్నం కోట ముందు, ఖజానా పెట్టె ఖాళీగా ఉండగా, ఫోర్డ్ కింది తెల్ల సైనికులు ఆయుధాలతో సహా తిరగబడ్డారు. తమకు రావాల్సిన సొమ్ము ఇస్తే తప్ప కదలమన్నారు. కోట పట్టుబడితే దొరికే సొమ్ములో వాటా మీద హామీ ఇచ్చి ఫోర్డ్ వాళ్లను నిలబెట్టుకున్నాడు. ఏప్రిల్ మొదటి వారం దాటాక, రాత్రి దాడిలో కోట పడింది.

గెలిచారు కాబట్టి ఈ ఉదంతాన్ని సాహసగాథగా చెబుతారు. జీతాల కోణంలో చూస్తే ఇది ప్రమాద సూచిక. జీతం బదులు దోపిడీ వాటా మాట ఇచ్చిన సేనాని, ఊరిని ముందే తాకట్టు పెట్టినట్టు.

*జీతమే లేకుండా, దొరికింది తినమనడం*

1816 మార్చిలో పిండారీలు గుంటూరు జిల్లా మీద పడ్డారు. మరాఠా దండుల వెంట నడిచే ఈ గుర్రపు దళాలకు నెల జీతం అంటూ లేదు, కొల్లగొట్టిందే రాబడి. పన్నెండు రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలో 339 గ్రామాలు దోచారు, 182 మందిని చంపారు, 505 మందిని తీవ్రంగా గాయపరిచారు, 3,603 మందిని చిత్రహింసలు పెట్టారు. ఈ అంకెల్లో నాలుగోది చూడండి. చనిపోయినవాళ్ల కంటే హింసకు గురైనవాళ్లు దాదాపు ఇరవై రెట్లు. వాళ్లు వచ్చింది చంపడానికి కాదు, దాచిన సొమ్ము ఎక్కడుందో చెప్పించడానికి. జీతం ఇవ్వని సైన్యం ఊళ్లో ఏం చేస్తుందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

యూరప్‌లోనూ ఇదే. స్పెయిన్ రాజు జీతాలు ఎగ్గొట్టిన సైనికులు 1576 నవంబరులో ఆంట్వెర్ప్ నగరాన్ని దోచి, వేలమందిని చంపారు.

*ఖజానా నుంచి నేరుగా నగదు*

కౌటిల్యుడి జీతాల పట్టికలో సేనాపతికి 48,000 పణాలు, శిక్షణ పొందిన కాలిబంటుకు 500 పణాలు. ఖజానా తక్కువగా ఉంటే అటవీ సరుకు, పశువులు, పొలం ఇవ్వమని, కొంచెమైనా నగదు కలపమని కూడా అందులో ఉంది. ఆ చివరి సూచన చాలా ఆచరణాత్మకం. సైనికుడి చేతిలో ఎంతో కొంత నాణెం లేకపోతే అంగడిలో ఉప్పు కూడా బలవంతంగానే తీసుకుంటాడు.

అలాఉద్దీన్ ఖిల్జీ ఏడాదికి 234 టంకాల జీతం, రెండో గుర్రం ఉంటే మరో 78 టంకాలు, నగదుగా ఇచ్చాడు. ఆ జీతంతో సైనికుడు బతకాలంటే ధాన్యం ధర పెరగకూడదు, అందుకే ధరలు కట్టడి చేశాడు. భారం అక్కడి నుంచి రైతు మీదికి, వర్తకుడి మీదికి జారింది. నగదు జీతం అంటే ఉచితంగా వచ్చేది కాదు, పన్ను వసూలు యంత్రాంగం బలంగా ఉంటేనే నిలుస్తుంది.

బ్రిటిష్ కాలిబంటుకు 1797 వరకు రోజుకు 8 పెన్నీలు. అందులో 6 తిండికి, మిగిలిన రెండు దుస్తులు, రకరకాల కోతలకు పోయేవి. ఆ ఏడాది నౌకాదళంలో తిరుగుబాట్లు లేచాక గానీ రోజుకు ఒక షిల్లింగ్ కాలేదు. కాబట్టి ఏ సైన్యం జీతమైనా పోల్చేటప్పుడు చేతికి వచ్చేది ఎంతో చూడండి.

| జీతం దారి | బకాయి ప్రమాదం | ఊరి మీద భారం | అదుపు ఎవరిది |
|---|---|---|---|
| అమరం, జాగీరు | తక్కువ | మధ్యస్థం, నాయకుడిని బట్టి | నాయకుడిది |
| జిల్లాలు రాసివ్వడం | తక్కువ | ఎక్కువ, వసూలుకు సైన్యమే వస్తుంది | జీతం తీసుకునేవాడిది |
| మిత్రుడి నగదు | చాలా ఎక్కువ | బకాయి పడితే అకస్మాత్తుగా పెరుగుతుంది | ఎవరికీ పూర్తిగా ఉండదు |
| కొల్ల | ఇచ్చే జీతమే లేదు | భరించలేనంత | ఎవరికీ ఉండదు |
| ఖజానా నగదు | పన్నుల బలాన్ని బట్టి | అందరికీ పంచిన భారం | ఖజానాది |

ముసాయిదా రాసేవాళ్లు చివరి వరుసనే ఎంచుకోవాలి, సందేహం లేదు. కానీ దానికి కౌటిల్యుడి షరతు లాంటి అత్యవసర నిబంధన ఒకటి చేర్చండి. నగదు ఆలస్యమైతే రేషన్ ఆగకూడదు, బస ఇచ్చినవాడి సొమ్ము సైనికుడి జీతం మీద ఆధారపడకూడదు.

బస: అసలు చిక్కు ఇక్కడే

*జనం ఉంటున్న ఇళ్లలో*

చరిత్రలో అందరూ వాడినది, అందరూ అసహ్యించుకున్నది ఇదే. 1628లో ఇంగ్లండ్ పార్లమెంటు రాజుకు ఇచ్చిన హక్కుల అర్జీలో, ఇళ్లలో సైనికులను బలవంతంగా దింపడం మీద ఫిర్యాదు ఉంది. 1679లో పౌరుడి ఇష్టం లేకుండా బస పెట్టకూడదని చట్టమే వచ్చింది. ఫ్రాన్సులో 1681 నుంచి ప్రొటెస్టెంటు కుటుంబాల ఇళ్లలో గుర్రపు సైనికులను కావాలనే దింపి, మతం మారేదాకా ఉంచారు. బసనే శిక్షగా వాడవచ్చని లోకానికి చూపిన ఉదాహరణ అది. ఎవరి ఇంట్లో దింపాలో నిర్ణయించే అధికారం ఒక్క అధికారి చేతిలో ఉంటే ఈ దుర్వినియోగానికి తలుపు తెరిచినట్టే.

1765లో అమెరికా వలసల కోసం చేసిన చట్టం గురించి ఒక అపోహ సరిచేయాలి. జనం ఉంటున్న ఇళ్లలో సైనికులను పెట్టమని అది చెప్పలేదు. ముందు బ్యారక్‌లు, చాలకపోతే సత్రాలు, మద్యం దుకాణాలు, అవీ చాలకపోతే ఎవరూ ఉండని ఇళ్లు, కొట్టాలు అని వరుస పెట్టింది. గొడవ వచ్చింది ఖర్చు దగ్గర. కట్టెలు, కొవ్వొత్తులు, పరుపు, వంటపాత్రలు, ఉప్పు, వెనిగర్, రోజుకు ఇంత పానీయం వలస ప్రజల సొమ్ముతో ఇవ్వాలంది. న్యూయార్క్ శాసనసభ కాదంటే 1767లో దాని అధికారాలే నిలిపేస్తూ చట్టం తెచ్చారు. ఆ కోపం 1791లో అమెరికా రాజ్యాంగ మూడో సవరణలో చేరింది. శాంతికాలంలో యజమాని అనుమతి లేకుండా ఏ ఇంట్లోనూ సైనికుడిని దింపకూడదు, యుద్ధకాలంలోనూ చట్టం చెప్పిన పద్ధతిలోనే.

ఆ పాత ఇంగ్లిష్ సైనిక చట్టాల్లో ఒక మంచి నియమం ఉండేది. అధికారి జీతం పంచే ముందు, సైనికుడు బస చేసిన సత్రం యజమాని బాకీ తీర్చాలి, మిగిలిందే సైనికుడి చేతికి. జీతానికీ బసకూ ముడి వేసిన నియమం ఇది. జీతం వచ్చినంతకాలం బాగానే నడుస్తుంది. జీతం ఆగితే సత్రం యజమాని కూడా మునుగుతాడు. అందుకే అద్దె నేరుగా ఖజానా నుంచి రావాలనే వాదనకే మా మొగ్గు.

*హాళ్లు, కాలేజీలు, గోడౌన్లు*

ఎన్నికలప్పుడు కేంద్ర బలగాలు కాలేజీల్లోనో, కల్యాణ మండపాల్లోనో దిగడం మన నగరాల్లో చూసేదే. యుద్ధకాలంలోనూ మొదట వెతికేది ఇలాంటి చోట్లనే. జనావాసంలో ఉన్నా కుటుంబాల మధ్య ఉండరు, ఒకే గేటు, ఒకే కాపలా. క్రమశిక్షణకు ఇది ఇళ్ల కంటే ఎంతో మేలు.

కానీ ప్రతి పెద్ద కప్పూ బసకు పనికిరాదు. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు పెద్దవే, ఖాళీగానూ కనిపించవచ్చు. వాటికి కిటికీలు ఉండవు, గోడలకు ఇన్సులేషన్, గొట్టాల్లో అమ్మోనియా. మనుషులను పడుకోబెట్టడం ప్రమాదం. మిర్చి నిల్వ చేసిన మామూలు గోడౌన్ అయితే, బస్తాలు తీసేసి కడిగించినా ఘాటు రోజుల తరబడి వదలదు. నేల ఊడ్చినప్పుడల్లా గాలిలోకి లేచి కళ్లు, గొంతు మండిస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా సరుకు వచ్చే కాలంలో గోడౌన్ ఇస్తే రైతులు, వ్యాపారుల నిల్వలకు చోటుండదు. ఆ నష్టం అద్దెకు మించి ఉంటుంది. బియ్యం, పత్తి గోడౌన్లు ఈ విషయంలో నయం, కానీ మరుగుదొడ్లు దాదాపు ఉండవు.

కల్యాణ మండపానికి వంటశాల, భోజనశాల, గదులు, నీటి ట్యాంకు సిద్ధంగా ఉంటాయి. దాని లోపం పెళ్లిళ్ల ముహూర్తాలే. తీసుకున్న అడ్వాన్సులు తిరిగి ఇవ్వాలి, వచ్చే సీజను బుకింగులు పోతాయి.

*ఖాళీ స్థలంలో గుడారాలు*

పౌరులకు అన్నిటికంటే సురక్షితం, సైన్యానికి అన్నిటికంటే శ్రమ. మన దగ్గర నేలను బట్టి చూడాలి. గుంటూరు వైపు నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెలు, ఒక్క వాన పడితే లారీ చక్రం సగం దిగబడుతుంది. మొరం పోసి దారి వేయకుండా అక్కడ శిబిరం పెట్టకూడదు. విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి తెలిసిందే. ఆ పల్లపు ప్రాంతాల్లో ఖాళీ స్థలం ఎంత విశాలంగా కనిపించినా వానాకాలం శిబిరానికి వద్దు.

*శాశ్వత కంటోన్మెంటు*

సికింద్రాబాదులా ఊరికి వేరుగా కట్టుకున్న సైనిక వాడ. ఎప్పటికైనా మంచి పరిష్కారం ఇదే, కానీ యుద్ధం వచ్చాక కట్టేది కాదు. కాబట్టి ఈ పోలికలో దీని గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

వందమందికి ఎంత చోటు కావాలి? విపత్తు శిబిరాలకు అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ కొలతలు పౌరుల కోసం చేసినవి. అయినా కనీస మెట్టుగా పనికొస్తాయి.

| అవసరం | ఒక్కరికి | వందమందికి |
|---|---|---|
| కప్పు కింద చోటు | 3.5 చదరపు మీటర్లు | 350 చ.మీ., సుమారు 3,770 చదరపు అడుగులు |
| గుడారాల శిబిరం, దారులతో సహా | 45 చదరపు మీటర్లు | 4,500 చ.మీ., ఎకరా 11 సెంట్లు |
| నీళ్లు, రోజుకు | 15 లీటర్లు | 1,500 లీటర్లు |
| మరుగుదొడ్లు | 20 మందికి ఒకటి | 5 |

మే నెల విజయవాడ ఎండలో 15 లీటర్లు సరిపోవు, దానికి మూడింతలు లెక్క వేసుకోండి. హాలుకు ఉన్న విద్యుత్ మంజూరు లోడు కూడా చూసుకోండి. పెళ్లి ఒక పూట, బస రాత్రింబవళ్లు. వైరింగు దెబ్బతినేది ఇక్కడే.

ఒప్పందమా, స్వాధీనమా?

భవనం ఇవ్వక తప్పదని తేలినప్పుడు రెండు దారులు. ఇష్టపూర్వకంగా అద్దెకివ్వడం ఒకటి, సర్కారు చట్టం కింద స్వాధీనం చేసుకోవడం రెండోది. ఒప్పందమే మర్యాద, స్వాధీనం నష్టం అని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా కాదు.

ఒప్పందంలో అద్దె, గడువు, మరమ్మతులు మీరు మాట్లాడుకోవచ్చు. కానీ కేంద్ర ప్రభుత్వంతో ఒప్పందం రాజ్యాంగం 299వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి పేరు మీద, అధికారం ఉన్న వ్యక్తి సంతకంతో ఉండాలి. దళం వెంట వచ్చిన ఆఫీసరు ఎంత మంచివాడైనా, అతని నోటిమాట మీద అద్దె రాబట్టుకోవడం కష్టం. ఏడాది దాటే లీజు రిజిస్టరు చేయించాలి.

స్వాధీనానికి 1952 నాటి స్థిరాస్తుల స్వాధీన, సేకరణ చట్టం ఉంది. అందులో యజమానికి పనికొచ్చే రక్షణలు ఇవి:

- ముందు నోటీసు రావాలి. ఎందుకు తీసుకోకూడదో చెప్పుకోవడానికి 15 రోజులు.
- యజమాని, కుటుంబం నిజంగా కాపురముంటున్న ఇల్లు తీసుకోకూడదు. ప్రజలు పూజించే చోటు, బడి, ఆసుపత్రి, ప్రజా గ్రంథాలయం, అనాథాశ్రమంగా మాత్రమే వాడుతున్నవి కూడా మినహాయింపే. కల్యాణ మండపం, గోడౌన్ ఈ జాబితాలో లేవు.
- నోటీసుకు ముందు కనీసం రెండు నెలలుగా అద్దెకుంటున్న కుటుంబం ఉంటే, వాళ్లకు వేరే చోటు చూపాలి.
- ఆదేశం మీద 21 రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.
- లీజుకిస్తే వచ్చే అద్దెకు సమానమైన మొత్తం క్రమంగా చెల్లించాలి. దానికి తోడు స్వాధీనం వల్ల కలిగిన ఆర్థిక నష్టం, ఖాళీ చేసిన ఖర్చు, తిరిగి చేరే ఖర్చు, మామూలు అరుగుదలను మించిన నష్టం.
- పరిహారం ఎంత అన్నదానిపై ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. ఆ తీర్పు మీద 30 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు.
- స్వాధీనంలో ఉంచగలిగేది గరిష్ఠంగా 17 ఏళ్లు.

యుద్ధ సమయంలో ఇంతకంటే పదునైన ప్రత్యేక చట్టం రావచ్చు. 1962, 1971 యుద్ధాలప్పుడు భారత రక్షణ చట్టాలు అలాగే వచ్చాయి, ఇప్పుడవి అమలులో లేవు. కాబట్టి ఆదేశం చేతికి అందగానే అది ఏ చట్టం కింద, ఏ సెక్షను కింద ఇచ్చారో చూడటం మొదటి పని. గడువులన్నీ దాన్ని బట్టే మారతాయి.

శత్రు దేశపు సైన్యం ఆక్రమించిన చోట 1907 హేగ్ నిబంధనల 52వ అధికరణ వర్తిస్తుంది. తీసుకునేది సైన్యం అవసరాలకే ఉండాలి, ఊరి శక్తికి తగినట్టు ఉండాలి, స్థానిక కమాండరు ఆదేశం మీదే తీసుకోవాలి, వీలైనంత వరకు నగదు ఇవ్వాలి, లేదంటే రసీదు ఇచ్చి త్వరగా చెల్లించాలి. మూట్ కోర్టులో దీన్నీ 1952 చట్టాన్నీ కలిపేసి వాదించేవాళ్లు పాయింటు పోగొట్టుకుంటారు. ఒకటి పరాయి సైన్యానికి, ఇంకోటి మన సర్కారుకు.

మీరు ఏ కోవ?

*సొంత ఇల్లు మాత్రమే ఉన్నవాళ్లు:* కాపురముంటున్న ఇల్లు ఇవ్వనక్కరలేదు. దేశం మీద అభిమానంతో మేడ మీది రెండు గదులు ఇస్తామని ముందుకు రావాలనిపిస్తుంది, ఆ మనసు గొప్పది. అయినా కుటుంబం ఉంటున్న కప్పు కింద సైనిక బస వద్దని మా సలహా. ఆ కప్పు శత్రువుకు లక్ష్యం అవుతుంది. సైనిక లక్ష్యాలను జనావాసాల దగ్గర ఉంచవద్దని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం చెబుతుంది. అందులో భారత్ చేరలేదు, కానీ బాంబు పడే లెక్క మారదు. మామూలు ఇంటి బీమా యుద్ధ నష్టాన్ని కవర్ చేయదు. ఆ గదుల బదులు నీళ్లు, వంట సామగ్రి, ఖాళీ స్థలం ఇవ్వండి.

*కల్యాణ మండపం యజమానులు:* ఒప్పందంలో గడువు, అద్దె చెల్లింపు తేదీ రాయిస్తారంటే ఒప్పందమే మేలు. గడువు రాయడానికి ఒప్పుకోకపోతే స్వాధీనం ఆదేశాన్నే అడగండి. ముహూర్తాల నష్టం ఆర్థిక నష్టం కింద కోరవచ్చు, కానీ రుజువు మీ చేతిలో ఉండాలి. అడ్వాన్సు రసీదు పుస్తకం, రద్దు చేసుకున్నవాళ్ల సంతకాలు, గత రెండు మూడేళ్ల ఆదాయ పన్ను పత్రాలు ఒకచోట పెట్టుకోండి. లెక్కల్లో చూపని అద్దెకు పరిహారం రాదు.

*గోడౌన్ యజమానులు:* సరుకు మీది కాదు, డిపాజిటర్లది అయితే వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేసి, తరలింపు ఖర్చు బిల్లులు దాచండి. కోల్డ్ స్టోరేజీ అయితే అమ్మోనియా సంగతి మొదటి 15 రోజుల జవాబులోనే రాయండి.

*కాలేజీ యాజమాన్యం:* చట్టంలో బడి అనే మాట ఉంది, ఇంజినీరింగ్ కాలేజీకి అది వర్తిస్తుందనే ధీమా వద్దు. తరగతి గదులు కాకుండా హాస్టల్ బ్లాకు ఒకటి, విడి గేటుతో ఇవ్వజూపితే రెండు పక్షాలకూ పని జరుగుతుంది. ల్యాబులకు తాళం వేసి, ఆ తాళాల జాబితా మీద ఇద్దరూ సంతకాలు చేయాలి.

*ముసాయిదా రాసే విద్యార్థులు:* బసకు వరుస రాయండి. కంటోన్మెంటు, ఖాళీ స్థలం, ఖాళీ ప్రభుత్వ భవనం, ప్రైవేటు హాలు, చివరికి ఎవరూ ఉండని ఇల్లు. కాపురమున్న ఇల్లు అసలు జాబితాలోనే వద్దు. ఏ చోటు ఎంచాలో కలెక్టరు నిర్ణయించాలి, సేనాని కాదు. అద్దె ఖజానా నుంచి నేరుగా యజమాని ఖాతాకు. జీతం ఒక నెల దాటి ఆలస్యమైతే ఆ దళానికి రేషన్, చేతిఖర్చు రాష్ట్రం ముందుగా ఇచ్చి తర్వాత కేంద్రం నుంచి రాబట్టుకోవాలి. బొబ్బిలి, మచిలీపట్నం ఉదంతాలను ఈ చివరి మూడు నిబంధనలకు ఆధారంగా చూపవచ్చు.

అప్పగించే రోజు, తిరిగి తీసుకునే రోజు

తాళాలు ఇచ్చే ముందు ప్రతి గదినీ తేదీ కనిపించేలా వీడియో తీయండి. గచ్చు, కిటికీ అద్దాలు, కుళాయిలు, ఫ్యాన్లు, మోటారు, జనరేటరు విడివిడిగా రాయండి. ఫ్యాన్లు బాగున్నాయి అని రాస్తే చాలదు, హాల్లో 24 ఫ్యాన్లు, 24 పనిచేస్తున్నాయి అని రాయాలి. విద్యుత్ మీటరు రీడింగు, నీటి మీటరు ఉంటే దాని రీడింగు, జనరేటరు గంటల మీటరు అంకె, డీజిల్ మట్టం అదే కాగితం మీద ఉండాలి. రెవెన్యూ ఉద్యోగి, దళం తరఫు అధికారి, మీరు ముగ్గురూ ప్రతి పేజీ మీదా సంతకం చేయాలి. హోదా, తేదీ స్పష్టంగా ఉండాలి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి తహసీల్దారు కార్యాలయంలో.

మధ్యలో మరమ్మతులు మీరే చేయించాల్సి వస్తే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి. సెప్టిక్ ట్యాంకు అన్నిటికంటే ముందు నిండుతుంది. ఎన్ని రోజులకు ఒకసారి ఖాళీ చేయించాలి, బిల్లు ఎవరిది అన్నది మొదటి రోజే తేల్చుకోండి.

దళం తరచుగా రాత్రికి రాత్రే కదులుతుంది, అప్పగింత కాగితం లేకుండానే. అలాంటప్పుడు మీరే తాళం తీసి ఊడ్పించడం మొదలుపెట్టకండి. తహసీల్దారుకు లిఖితపూర్వకంగా తెలిపి, ఉమ్మడి తనిఖీ అయ్యేదాకా దేన్నీ కదపకండి. ఆ తనిఖీలో పాత జాబితాకు ఎదురుగా కొత్త లెక్క వేయించుకున్నాకే బకాయిలు లేవనే పత్రం మీద సంతకం చేయండి. ఆ సంతకం పడ్డాక విరిగిన ఒక్క కుళాయికి కూడా పరిహారం అడగడం కష్టం.